పునాది తవ్వకముందే పటం విప్పండి

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ప్రజాభవనాలకు టెండర్లు పిలిచే అధికారులకు, వాటి డ్రాయింగులు గీసే ఆర్కిటెక్టులకు, ఇంజనీర్లకు నమస్కారం.

కుల సంఘ భవనం కానివ్వండి, గ్రంథాలయం కానివ్వండి, కళాభవనం కానివ్వండి, అంచనా పత్రం చివరి పేజీల్లో ఒక వరస కనిపిస్తోంది: 'చేర్యాల శైలి పెయింటింగ్, చదరపు అడుగుకు ఇంత'. టైల్స్ అయ్యాక, కాంపౌండు గోడకు ముందు ఉంటుందది. భవనం మొత్తం లేచాక మిగిలిన గోడను టేపుతో కొలుస్తారు. చేర్యాల పటాలు గీసే నకాషీ చిత్రకారుణ్ని పిలిచి ఇక్కడ బతుకమ్మ, అక్కడ బోనాలు అని చూపిస్తారు. ఈ లేఖ ఆ వరస గురించే. దాన్ని కొట్టేయమని అడగడం లేదు. చివరి పేజీలోంచి తీసి మొదటి పేజీలో పెట్టమంటున్నాం.

చివరి పేజీలో ఉంటే ఏమవుతుందో ముందు చెప్తాం. పటంలో, అంటే కథకులు విప్పి చూపే బట్ట మీది బొమ్మల చుట్టలో, నాలుగంగుళాల మొహం ఉంటుంది, చుట్టూ మిల్లీమీటరు మందాన నల్లగీత. దాన్ని గోడ కోసం పదిహేను రెట్లు పెంచితే మొహం ఐదడుగులవుతుంది, గీత పదిహేను మిల్లీమీటర్లవుతుంది. చేతిలో పెట్టుకుని చూస్తే చల్లగా ఉండే కన్ను గోడ మీద గుడ్లురుముతుంది. వినైల్ మీద ముద్రించి అతికిస్తే ఎండకు ముందు పోయేవి ఎరుపు, పసుపే. నీలం, నలుపు మిగులుతాయి. కొన్ని వేసవులు దాటాక బొమ్మలన్నీ పొగమంచులో నిలబడ్డట్టు ఉంటాయి. కొత్త గిలాబు (ప్లాస్టరింగ్) 28 రోజులు ఆరకుండానే ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడిందని రంగు వేయిస్తే సిమెంటులోని క్షారం రంగును కొరికేస్తుంది, ఉప్పు పొంగి పొక్కులు లేస్తాయి. తప్పు చిత్రకారుడి మీదికి పోతుంది.

అసలు పటం దేనికోసం పుట్టిందో చూద్దాం. చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాషీలు ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూతలు పెడతారు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకొకటి. దాని మీద మూడడుగుల వెడల్పున, నలభై అడుగుల నుంచి అరవై అడుగుల పొడవు దాకా కథ నడుస్తుంది. మొదటి ఖానాలో, అంటే మొదటి దృశ్యపు చట్రంలో, వినాయకుడు, తర్వాత సరస్వతి, ఆపైన కథ. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ. చెప్పేవాళ్లూ వేరువేరు: పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. రాత్రి దీపం వెలుగులో పటం వేలాడదీసి, ఒక్కో ఖానా విప్పుతూ, అయిపోయింది చుడుతూ, పుల్లతో చూపిస్తూ పాడతారు. అంటే పటాన్ని ఎవరూ ఒకేసారి మొత్తం చూడరు. గోడ మీదికి ఎక్కించగానే పోయేది ముందు ఇదే. విప్పడం, దాచడం, మళ్లీ విప్పడం. ఈ పని గోడ చేయలేదు. గదుల వరస చేయగలదు.

అందుకే మొదటి పని కథ ఎంచుకోవడం. ఒకే కథ, ఒకే పటం. 'తెలంగాణ సంస్కృతి' అని రాసిస్తే దాంట్లోంచి ప్లాను పుట్టదు. నేతకారుల కోసం కట్టే భవనం అనుకోండి, కొత్తవాడ పక్కనే అనుకోండి. అక్కడికి పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథ సరిపోతుంది. యజ్ఞగుండంలోంచి పుట్టడం, విష్ణువు నాభి కమలం తూడు నుంచి నూలు తేవడం, రాక్షసుడితో పోరు, దేవతలకు బట్ట నేయడం, సూర్యుడి కూతురు భద్రావతితో పెళ్లి.

కథ తేలాక చిత్రకారుడూ ఆర్కిటెక్టూ ఒకే బల్ల దగ్గర కూచుని ఒక కాగితం తయారుచేయాలి. ఎంచుకున్న ఖానాల మీద పారదర్శక కాగితం పెట్టి సెంటీమీటరు గడులు గీయండి. ఎరుపు ఎన్ని గడులు, తెలుపు, పసుపు, నీలం ఎన్ని, లెక్కపెట్టండి. ఒక్కో ఖానాలో మనుషులు ఎందరు, వాళ్ల మధ్య ఖాళీ ఎంత, పెద్ద బొమ్మకూ చిన్న బొమ్మకూ ఎన్ని రెట్ల తేడా, రాసుకోండి. పక్కనే ఒక్కో ఖానాకు ఒక్క మాట: బిగువు, ఎదురుచూపు, గందరగోళం, తేట. ఆ మాట గదికి వెళ్లాక ఎత్తు, వెలుతురు, చప్పుడు, కాలికింద నేల అనే నాలుగు అంకెలుగా మారాలి. అంకెగా మారని మాటను కాంట్రాక్టరు కట్టలేడు.

పటంలో దూరం లేదన్నది గుర్తుంచుకోండి. అన్నీ ఎదురుగా, ఒకే పలకలో ఉంటాయి. ఖానాకు ఖానాకు మధ్య పూలతీగ అంచు. కనక ప్లానులో పొడవాటి నడవా పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడేలా తలుపులు ఒకే వరసలో పెడితే పటం చచ్చిపోయినట్టే. తలుపుకూ తలుపుకూ కనీసం ఒక తలుపు వెడల్పు పక్కకు జరపండి. లోపలికి అడుగుపెట్టాకే తర్వాతి గది తెలియాలి. పూలతీగ అంచును గడపగా తీసుకోవచ్చు. అయితే ఎత్తు గడప చక్రాల కుర్చీకి అడ్డం. అడుగు వెడల్పున, నేలకు సమానంగా, పాలిష్ చేయని కరీంనగర్ గ్రానైటు పట్టీ వేయండి. కంటికి, పాదానికి గరుకు తెలుస్తుంది, చక్రం ఆగదు. తలుపు వెడల్పు 1.2 మీటర్లకు, నడవా 1.8 మీటర్లకు తగ్గొద్దు. ర్యాంపు వాలు 12కు 1 మించొద్దు.

యజ్ఞగుండం ఖానా దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నిప్పు అనగానే ఎర్రలైట్లు పెట్టేస్తారు. కావాల్సింది చీకటి గది, ఒక్క వెలుతురు. నాలుగున్నర మీటర్ల ఎత్తు గది, పైకప్పులో అరవై సెంటీమీటర్ల చదరపు రంధ్రం, దానికి సూటిగా కింద నేల మీద అంతే చదరం నల్లరాతితో. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే రెండో వారంలో, మళ్లీ జులై ఆఖర్లో, పన్నెండుంపావు ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు వెలుతురు ముక్క సరిగ్గా గుండం మీద పడుతుంది. డిసెంబరులో అదే ముక్క దాదాపు నాలుగు మీటర్లు ఉత్తరానికి జరుగుతుంది. గుండం నుంచి ఉత్తరపు గోడ రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే చలికాలం మధ్యాహ్నం అది గోడ ఎక్కుతుంది. పైసా ఖర్చు లేని దీపం. ఈ రంధ్రాన్ని 'ఇంకొంచెం గ్రాండ్‌గా' రెండు మీటర్ల చదరం చేయమనేవాళ్లు తప్పక ఉంటారు. నాలుగు చదరపు మీటర్ల గాజులోంచి మే ఎండలో వచ్చే వేడి సుమారు మూడున్నర కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ దాన్ని తోడిపోయడానికే సరిపోతుంది. అరవై సెంటీమీటర్ల దాంతో వచ్చేది అందులో పదోవంతు కూడా కాదు. ఇంకో మాట. రంధ్రం చుట్టూ ఆరంగుళాల కట్ట స్లాబుతో కలిపి ఒకేసారి పోయాలి. తర్వాత ఇటుకతో కడితే ఆ అతుకులోంచే మొదటి వాన దిగుతుంది.

కమలం ఖానాకు ఫౌంటెన్ పెట్టకండి. పాలసముద్రం అనగానే నీళ్లు గుర్తొస్తాయి, నిజమే. ఆర్నెల్లకు మోటారు కాలి, ఆ తొట్టి దోమల తొట్టి అవుతుంది. ఆ ఖానా చెప్పే మాట తేట. తెల్ల సున్నం గోడలు, ఆరు మీటర్ల ఎత్తు, ఉత్తరం వైపు పైన నిలువు వెలుతురు చీలికలు. నూలు పోగుల్లా సన్నగా, పొడవుగా. ఉత్తరపు కిటికీకి ఎండ రాదని పుస్తకాల్లో చదివింది ఇక్కడ చెల్లదు. మే మధ్య నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. జూన్‌లో పొద్దున, సాయంత్రం ఏటవాలుగా లోపలికి తొంగిచూస్తాడు. 1.2 మీటర్ల ఎత్తు గాజుకు పైన 150 మిల్లీమీటర్ల సన్‌షేడ్, పక్కన 300 మిల్లీమీటర్ల లోతు నిలువు పలకలు 600 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే చాలు. పోరు ఖానాను ఇరుకు మలుపులతో చెప్పొచ్చు, దానికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఎత్తు మూడు మీటర్లకు దించండి, రెండు మలుపులు తిప్పండి, గోడ గరుకుగా వదిలేయండి.

ఇక ఎరుపు. పటం అంటే ఎరుపు అని అందరికీ తెలుసు. ఆ ఎరుపు పటంలో ఏం పని చేస్తోందో మాత్రం చూడరు. అది గోడ కాదు, వెనకతలం. దాని ముందు నిలబడ్డ మనుషులు వెలుగుతారు. ఇరవై అడుగుల గోడకు ఎర్ర ఎనామిల్ వేస్తే మనుషుల మొహాలు ఎర్రబడతాయి, కాగితం చదవబుద్ధి కాదు. మన పల్లె ఇళ్లు ఈ చిక్కు ఎప్పుడో విప్పాయి: పైన తెల్ల సున్నం, కింద అరుగుకు, గోడ పాదానికి జాజు. ఎరుపు కిందే ఉంటుంది, మనిషి దాని మీద నిలబడతాడు. అదే తీసుకోండి. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు ఉన్న హాలుకు గోడలు, నేల, కప్పు కలిపి 392 చదరపు మీటర్లు. నేల ఎర్రగచ్చు చేస్తే 96. గోడ పాదం చుట్టూ రెండడుగుల జాజు పట్టీకి మరో 24. మొత్తంలో ఎరుపు దాదాపు 30 శాతం. గడుల లెక్కలో మీ పటానికి వచ్చిన అంకెతో పోల్చి పట్టీని పెంచండి, తగ్గించండి.

ఎర్రగచ్చు చెడేది ఓపిక లేకే. పైపొర ఆరు మిల్లీమీటర్లు, సిమెంటు పది పాళ్లకు ఆక్సైడ్ ఒక పాలు, తూకం మీద. తట్టలతో కొలవొద్దు. ఆక్సైడ్ ఎక్కువేస్తే రంగు చిక్కబడుతుందనుకుంటారు, బలం తగ్గి పొడి రాలుతుంది. హాలు మొత్తానికి కావాల్సిన పొడి ఒకేసారి కలిపి జల్లెడపట్టి సంచుల్లో పెట్టుకోండి. రోజుకింత కలిపితే ఏ రోజు పని ఎక్కడ ఆగిందో నేల మీద కనిపిస్తుంది. కింది కాంక్రీటు పచ్చిగా ఉండగానే పైపొర పడాలి. నాలుగడుగుల చదరాలుగా గాజు పట్టీలు పెట్టండి, బీటలు వాటి వెంట పోతాయి. పదిరోజులు నీళ్లు కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి. పొద్దున పోసింది మధ్యాహ్నానికి నెర్రెలిస్తుంది.

సున్నపు గోడకు రంగుల్లోనూ జాగ్రత్త ఉంది. జాజు, పచ్చమట్టి, ఐరన్ ఆక్సైడులు సున్నంతో నిలుస్తాయి. బట్టలకేసే నీలం కూడా సున్నంలో నిలుస్తుంది, పాత ఇళ్లలో చూడండి. పటం మీద అందంగా ఉండే ఇంగిలీకం అనే ఎరుపు వెలుతురుకు నల్లబడుతుంది. నీలిమందును సున్నంలో కలపొద్దు. బట్ట మీది రంగు బట్ట మీదే ఉండాలి.

నల్లగీత సంగతి. చిత్రకారుడు రంగులన్నీ నింపాక చివర్లో సన్న కుంచెతో గీత లాగుతాడు, బొమ్మ అప్పుడు నేల నుంచి విడివడుతుంది. భవనంలో ఆ గీత పని చేసేది గాడి. గోడ నేలను తాకేచోట, దర్వాజా చట్రం గిలాబును తాకేచోట 12 మిల్లీమీటర్ల లోతు నీడగాడి. పటంలో చివర వచ్చే గీత ఇక్కడ మొదట రావాలి. గిలాబుకు ముందే చెక్కపట్టీ బిగించి, గిలాబు గట్టిపడ్డాక లాగేయాలి. తర్వాత గ్రైండరుతో కోస్తే అంచులు పెచ్చులూడతాయి. ఇంత చేసినా పెయింటరు వచ్చి, ఎవరో మరిచిపోయిన సందు అనుకుని లప్పంతో శుభ్రంగా పూడ్చేస్తాడు. అతని తప్పు లేదు, అతని చేతికి డ్రాయింగు ఎవరూ ఇవ్వరు. గాడి పక్కన గోడ మీద పెన్సిలుతో 'పూడ్చొద్దు' అని రాసిపెట్టించండి.

పటం కంటికి ఎంతో చెవికీ అంత. కథ చెప్పే హాల్లో మాట స్పష్టంగా వినాలంటే ప్రతిధ్వని ఒక సెకను దగ్గర ఆగాలి. పైన చెప్పిన హాలు 480 ఘనపు మీటర్లు. నున్నని గిలాబు, గచ్చు మాత్రమే ఉంటే ఖాళీ హాల్లో చప్పుడు ఆరు సెకన్లు దాటి మోగుతుంది. అరవై మంది కూచుంటే రెండు సెకన్లకు వస్తుంది. అయినా పాట మాట మీద మాట పడి ముద్దయిపోతుంది. అప్పుడు మైకు సౌండు పెంచుతారు, ఇంకా ముద్దవుతుంది. దీనికి మందు కొత్తవాడలోనే ఉంది. దళసరి జంపఖానాలు గోడకు నాలుగంగుళాల ఎడంగా వేలాడదీయండి. గోడకు ఆనించి మేకులు కొడితే ఉపయోగం సగానికి పైగా పోతుంది, పట్టేది వెనకాలున్న గాలి సందే. సుమారు 85 చదరపు మీటర్లు కావాలి. నాలుగడుగులు బై ఆరడుగులవి 38. మగ్గానికి పని, హాలుకు చెవి. తీసి ఉతకడానికి వీలుగా పైన కడ్డీకి దూర్చేలా కుట్టించండి.

లోపల చీకటి వాడుకుంటున్నాం కాబట్టి గుమ్మం దగ్గర ఒక జాగ్రత్త. మే మధ్యాహ్నం బయట లక్ష లక్సుల దాకా వెలుతురు ఉంటుంది. అక్కడి నుంచి యాభై లక్సుల గదిలోకి నేరుగా వస్తే పెద్దవాళ్లు మెట్టు తప్పుతారు. మధ్యలో కనీసం మూడు మీటర్ల లోతు వసారా, కూచోవడానికి జాజు అరుగు, తర్వాత వినాయకుడి ఖానా. ఒక్కో దశలో వెలుతురు అంతకుముందున్నదాంట్లో పదోవంతు కంటే కిందికి పడిపోకూడదు. కళ్లు సర్దుకునే ఆ రెండు నిమిషాలు కథకుడి ప్రార్థనకు సరిపోతాయి.

బొమ్మను చూసి భవనం గీయడం కొత్త సంగతేం కాదు. అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్టు బి.వి.దోషీ కట్టిన గుఫా అనే చిత్రశాల పనిలో చిత్రకారుడు ఎం.ఎఫ్.హుసేన్ మొదటి నుంచీ ఉన్నాడు. అంగుళం మందం ఫెర్రోసిమెంటు (ఇనుప వల మీద సిమెంటు) గుల్లలు, వంకర స్తంభాలు, వాటి మీదే బొమ్మలు. చదునైన గోడ అడగలేదు. 1924లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఆర్కిటెక్టు రీట్‌వెల్డ్ కట్టిన ష్రోడర్ ఇంటిని చూసి చాలామంది ఎరుపు, పసుపు, నీలం పలకలే కాపీ కొడతారు. అసలు పని పై అంతస్తులో జరిపే గోడలది. మన దగ్గర ఇలాంటి కాపీ కీర్తితోరణానికి జరుగుతోంది. వరంగల్ ఖిల్లాలో నాలుగు తోరణాలు నాలుగు దిక్కులా నిలబడి మధ్యలో స్వయంభూ గుడికి దారి చూపేవి. ఆఫీసు గేటు మీద పెట్టిన తోరణం పార్కింగుకు దారి చూపుతుంది. కథ కాకుండా ఒక్క భావమే కావాలనుకుంటే పాత కరీంనగర్ జిల్లాకు చెందిన చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మలు చూడండి. మనుషులు చట్రం నిండా నిలబడతారు, వెనక ఖాళీ ఉండదు. అలాంటిదాంట్లోంచి పుట్టేది ఇరుకైన, దగ్గరితనం ఉన్న గది. ఐదు ఖానాల వరస దాంట్లోంచి రాదు.

టెండరులో మార్చాల్సింది పెద్దగా లేదు. చిత్రకారుణ్ని కాన్సెప్టు దశలోనే తీసుకుని చదరపు అడుగు లెక్కన కాకుండా రోజుల లెక్కన చెల్లించండి. గడుల కాగితం స్తంభాల గ్రిడ్ కంటే ముందు ఆమోదం పొందాలి. గ్రిడ్ ఖాయమయ్యాక ఖానాలు దానికి ఇరుక్కుంటాయి, ఎప్పుడూ ఓడేది ఖానాలే. ఒక ఖానాను, గాడి, గచ్చు, జాజుతో సహా, నిజమైన కొలతలతో ముందుగా కట్టించి ఒక వాన, ఒక ఎండ చూసి మిగతా పని మొదలుపెట్టించండి. గోడ మీద బొమ్మ వేయించాల్సిందే అంటే మనిషి కన్నెత్తులో, వానకు తడవని చోట, మూడడుగుల వెడల్పు దాటకుండా వేయించండి.

పాతబడిన పటాన్ని కథకులు శాస్త్రోక్తంగా ఏటిలో కలిపి కొత్తది రాయించుకునే ఆనవాయితీ ఉంది. కాబట్టి మీ హాలులో బట్ట పటానికే చోటు ఉంచండి. ఉత్తరపు గోడ ముందు, తొమ్మిదడుగుల ఎత్తున, నాలుగడుగుల ఎడంలో రెండు ఇనుప కొక్కేలు, ఒక్కోటి పాతిక కిలోలు ఆపేలా, స్లాబులోనే పోయించిన కడ్డీల చివర ఉన్నవి. కింద కథకుడు నిలబడడానికి ఆరడుగుల చదరం, పక్కన హార్మోనియం పెట్టెకు మరో నాలుగడుగులు, వెనక ఒక ప్లగ్ పాయింటు. ఆ రెండు కొక్కేలు డ్రాయింగులో ఉన్నాయో లేదో చూసుకుని సంతకం పెట్టండి.

ఇట్లు,
బొమ్మలు గీసే, భవనాలు గీసే, కట్టించే కొందరం
హన్మకొండ